నేను పగలగొట్టించిన పాటల డబ్బా

పోయిన నెల తిరుపతిలో ఒక లా కాలేజీ వాళ్లు ఆన్‌లైన్ పైరసీ మీద సభ పెట్టి నన్ను గూడా పిలిచినారు. రిటైరయిన ప్రభుత్వ వకీలును గదా, స్టేజీ మీద ఒక కుర్చీ నిండుతుందని పిలిచింటారు. నాకంటే ముందు మాట్లాడినాయన పేరు సుధాకర్. సినిమా వాళ్ల తరపున పైరసీ చేసేవాళ్లను పట్టించడం ఆయన ఉద్యోగం. నాకు శానా ఏండ్లుగా తెలిసిన మనిషే.

ఆయన మైకు పట్టుకుని పిల్లల్ని అదరగొట్టేసినాడు. "మీరు ఫోన్లో ఒక్క సినిమా డౌన్‌లోడ్ చేస్తే ఒక లైట్‌బాయ్ ఇంట్లో పొయ్యి ఆర్పినట్టే. పైరసీ చేసేవాడు మామూలు దొంగ కాదు, తీవ్రవాది. ఇలాగే సాగితే ఇంకో ఐదేళ్లలో తెలుగు సినిమా అనేదే ఉండదు" అన్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టినారు.

నాకు ఒళ్లు మండింది. ఐదేండ్లంట! నేను ఉద్యోగంలో చేరినప్పుడు క్యాసెట్ల మూలంగా ఐదేండ్లలో సినిమా చచ్చిపోతుందన్నారు. ఆ తర్వాత సీడీల మూలంగా అన్నారు. ఆ తర్వాత మెమరీ కార్డులు, ఇప్పుడు ఇంటర్నెట్టు. నాకు తెలిసినప్పట్నించి ఆ పరిశ్రమ చస్తానే ఉండాది, హీరోల పారితోషికాలు మాత్రం ఏటేటా పెరగతానే ఉండాయి. ఎవురన్నా ఒక్కరు లేచి "ఏమయ్యా, పోయినసారి చెప్పిన చావు ఏమయింది?" అని అడగాల గదా. ఎవురూ అడగరు.

అయినా నా మంట అందుక్కాదు. ఆ లైట్‌బాయ్ పొయ్యి మాట ఉండాది చూడండి, అది నాది. ఒక కేసులో నేను కోర్టులో అన్న మాట. సుధాకర్ ఆ పొద్దు వెనక బెంచీలో కూర్చుని కాయితం మీద రాసుకున్నాడు. పన్నెండేండ్లుగా దాన్ని కాలేజీ కాలేజీకీ తిప్పతా ఉండాడని నాకు ఆ స్టేజీ మీదనే తెలిసింది.

నా వంతు వచ్చింది. "నేను చెప్పాల్సింది పది నిమిషాల్లో అయ్యేది కాదు. ఇంటికి పొయ్యి రాసి పంపిస్తా, చదువుకోండి" అని చెప్పి కూర్చున్నాను. ఇదే ఆ రాసింది. మీలో రేపు ఏపీపీలు కాబోయేవాళ్లు ఉంటే రవంత శ్రద్ధగా చదవండి.

సొత్తును చూడకుండా నోరు తెరవద్దు

ఏపీపీ అంటే పోలీసులు పెట్టిన కేసును మేజిస్ట్రేటు కోర్టులో ప్రభుత్వం తరపున నడిపే వకీలు. బయటివాళ్లకి అది పెద్ద వాదనల ఉద్యోగంగా కనిపిస్తుంది. ఆడ వాదనలూ లేవు, ఏమీ లేవు. పొద్దున పదిన్నరకి బల్ల మీద ఫైళ్ల గుట్ట ఉంటుంది. ఈ ఫైల్లో సాక్షి రాలేదు, ఆ ఫైల్లో ముద్దాయి రాలేదు, ఇంగొక దాంట్లో ఎస్సైకి బందోబస్తు. సాయంత్రానికి గొంతు ఎండిపోతుంది, ఏమి సాధించినామంటే చెప్పడానికి ఏమీ ఉండదు.

నాకు పని నేర్పింది చెంగల్రాయులు సారు. నాకంటే సీనియర్ ఏపీపీ. పంచె కట్టి పైన నల్లకోటు వేస్తే ఎట్లుంటుందో అట్లుంటాడు మనిషి. పాంటు వేసుకున్నా పంచె మాదిరే అవపడేది. చేరిన కొత్తలో నాకొక ఆవు దొంగతనం కేసు ఇచ్చినాడు. ఛార్జిషీటు చదివి, సెక్షన్లు నోటికి అప్పజెప్పినాను.

"ఆవును చూసినావా అమ్మా?" అన్నాడు.

"ఆవును ఎందుకు సార్ చూసేది? ఫైల్లో అంతా ఉండాది గదా" అన్నాను.

నన్ను ఎండలో నడిపించుకుని బందెలదొడ్డికి తీసుకుపొయ్యినాడు. ఛార్జిషీటులో నల్లమచ్చల పాడియావు అని రాసిండారు. ఆడ కట్టేసింది కోడెదూడ. దానికి మచ్చలు గూడా లేవు. సారు నవ్వలేదు. "కాయితం పోలీసోడు రాస్తాడు. సొత్తును వాడు పుట్టించలేడు. సొత్తును కండ్లతో చూడకుండా కోర్టులో నోరు తెరవద్దు" అన్నాడు. ఆయనుండినన్ని రోజులు చూసినాను. సారాయి డబ్బా అయితే మూత తీసి వాసన చూసినాను, కొడవలి అయితే చేత్తో పట్టుకున్నాను. ఆయన రిటైరయినాక ఫైళ్లు పెరిగినాయి, నాకు అనుభవం పెరిగింది, పొగరు పెరిగింది. చూడడం మానేసినాను.

ఐరాల సెల్లంగడి

పన్నెండేండ్ల కింద ఒక పెద్ద హీరో సినిమా రిలీజుకి నాలుగు రోజుల ముందే ఇంటర్నెట్టులో వచ్చేసింది. రాష్ట్రమంతా గోల. టీవీలో నిర్మాత ఏడిచినాడు. పైనుంచి పోలీసులకి ఫోన్లు వచ్చినాయి, వారంలో కేసులు కనపడాల అని. కనపడాల అంటే కనపడతాయి. ఎవురో ఒకరు దొరకతారు.

మా జిల్లాలో దొరికింది మస్తాన్. ఐరాల బస్టాండు దగ్గర చిన్న సెల్లంగడి. వాళ్ల నాయన కాలం నించి మైక్‌సెట్టు బాడుగకి ఇచ్చే ఇల్లు వాళ్లది. చుట్టుపక్కల ఊర్లలో పెండ్లయినా, తిరునాళ్లయినా, మీటింగయినా వీళ్ల మైకే. సెల్ ఫోన్లు వచ్చినాక మస్తాన్ అంగడి పెట్టి మెమరీ కార్డుల్లో పాటలు ఎక్కించి ఇస్తా ఉండినాడు. సినిమా పాటలు గూడా ఎక్కించినాడు, నేను లేదనను. అప్పుడు జిల్లాలో ప్రతి సెల్లంగడీ చేసే పనే అది.

సుధాకర్ కారు పెట్టినాడు, ఒక ఎస్సైని కూర్చోబెట్టుకుని పొయ్యినాడు. అంగట్లో ఉండే కంప్యూటరు, ఒక డబ్బా మెమరీ కార్డులు, ఒక పెద్ద హార్డ్ డిస్కు తెచ్చుకున్నారు. పంచనామా, అంటే ఇద్దరు సాక్షుల ముందర స్వాధీనం చేసుకున్న వస్తువుల జాబితా, స్టేషన్లో కూర్చుని రాసినారు. "కొత్త తెలుగు సినిమాలు గల హార్డ్ డిస్కు ఒకటి" అని రాసినారు. దాన్ని ఎవురూ కంప్యూటరుకి తగిలించి చూడలేదు. సాక్షులు సంతకాలు పెట్టినారు. కోర్టుకి వచ్చినాక దానికి ఎమ్మో రెండు అని నంబరు పడింది. ఎమ్మో అంటే కేసులో సాక్ష్యంగా పెట్టే వస్తువు.

యా కోర్టు అని చెప్పను. ఆడ ఈ పొద్దు పనిచేసేవాళ్ల తప్పు ఏమీ లేదు.

మొదటి వాయిదా పొద్దు మస్తాన్ నా దగ్గరికి వచ్చినాడు. నలభై ఏండ్లుంటాయి. చేతులు కట్టుకుని నిలబడినాడు.

"మేడం, శిక్ష ఏమన్నా వెయ్యండి, పడతాను. ఆ హార్డ్ డిస్కు మాత్రం నాకు ఇప్పించండి. దాంట్లో సినిమాలు లేవు మేడం. గంగులప్ప గురువు చెక్కభజన పాటలు ఉండాయి."

"అందరూ ఇట్లే చెప్తారు" అన్నాను నేను.

"ఒక్కసారి తగిలించి చూడండి మేడం. పది నిమిషాలు."

"నాకు ఇదొక్కటే ఫైలా ఏమయ్యా? పొయ్యి మీ వకీలుకి చెప్పుకో."

పది నిమిషాలు అడిగినాడు. నేను ఇవ్వలేదు.

చెక్కభజన గురువు

చెక్కభజన తెలియని పిల్లలు ఉంటారేమో, చెప్తా. పదిమందో ఇరవైమందో కాళ్లకి గజ్జెలు కట్టుకుని, చేతుల్లో తాళాలు బిగించిన చెక్కలు పట్టుకుని, మధ్యలో గురువు పాడతా ఉంటే అడుగులేస్తా తిరిగే ఆట. గురువు ఒక ఊరికి పొయ్యి నెల, నెలన్నర ఆడనే ఉండి ఊరోళ్లకి పాటా, అడుగూ నేర్పి, ఇంగో ఊరికి పోతాడు. గంగులప్ప గురువు అట్లా ఎన్ని ఊర్లు తిరిగినాడో లెక్క లేదు. పాటలు పాతవి కొన్ని, ఆయన సొంతంగా కట్టినవి శానా. చదువు లేదు. నోట్లో కడతాడు, నోటితో నేర్పిస్తాడు.

ఆయన పొయ్యినాక ఊరోళ్లకి పాట మర్చిపొయ్యేది. సగం చరణం గుర్తుంటే సగం పొయ్యేది. మస్తాన్‌కి ఆలోచన వచ్చింది. గురువును అంగడి వెనక గదిలో కూర్చోబెట్టి పాడించి, మెమరీ కార్డుల్లో ఎక్కించి ఊర్లకి ఇచ్చినాడు. మొదట గురువు ఒప్పుకుంటాడో లేదో అని భయపడినాడంట. గురువు మాత్రం, "నా పాట ఎంతమంది నోట్లో ఉంటే అంత మంచిది గదప్పా. ఎక్కించు" అన్నాడంట.

ఇంగొక పని గూడా చేసినాడు మస్తాన్. గురువు కొత్త పాట కట్టేటప్పుడు రికార్డు ఆపకుండా వదిలేసేవాడు. ఒక మాట పెట్టి, బాగాలేదని తీసేసి, ఇంగొకటి పెట్టి, వరస మార్చి, "ఆగు మస్తానూ, మళ్లా అందుకుంటా" అని, దగ్గి, నీళ్లు తాగి, మళ్లా పాడి. పాట పుట్టేదంతా ఆ హార్డ్ డిస్కులో ఉండింది. ఊర్లకి పొయ్యింది మాత్రం పూర్తయిన పాటే.

ఇదంతా నాకు అప్పుడు తెల్దు. తెలుసుకోవాలని అనుకోలేదు.

నా గొప్ప వాదన

మస్తాన్ వకీలు "ఒప్పేసుకో, జరిమానాతో పోతుంది" అన్నాడు. ఒప్పుకున్నాడు. శిక్ష ఎంత వెయ్యాలని మేజిస్ట్రేటు అడిగితే నేను లేచినాను. మామూలుగా రెండు మాటలు చెప్పి కూర్చుంటాను. ఆ పొద్దు వెనక పేపరోళ్లు ఉండారు, సుధాకర్ ఉండాడు. ముందు రోజు సుధాకర్ నాకు నాలుగు పేజీలు టైపు చేసి ఇచ్చినాడు, పరిశ్రమకి ఇన్ని వందల కోట్లు నష్టం, ఇన్ని వేల కుటుంబాలు రోడ్డున పడినాయి అని. ఆ లెక్క యాడినించి వచ్చిందని నేను అడగలేదు. తర్వాత అడిగితే తెలిసింది. మెమరీ కార్డులో ఉండే ఒక్కో పాటకి, ఒక్కో సినిమాకి ఒక్కో గిరాకీ పొయ్యినట్టు కట్టిన లెక్క అది. మామిడి తోటలో గంపలెత్తే ఆడమనిషి నాలుగు పాటలు ఎక్కించుకుంటే, ఆమె పట్నం పొయ్యి ఏసీ హాల్లో టికెట్టు కొనేది ఆగిపొయ్యిందని లెక్క! ఐరాలలో ఆమె చూసేదానికి హాలు యాడుండాది? ఎవురి చెవిలో పూలు పెడతారు?

ఆ నాలుగు పేజీలకి నేను నా సొంత మాటలు తగిలించినాను. "ఈ ముద్దాయి ఎక్కించిన ప్రతి పాటా ఒక లైట్‌బాయ్ ఇంట్లో పొయ్యి ఆర్పింది. వీళ్లు కళను చంపేస్తా ఉండారు" అన్నాను. నాకు నేనే ముచ్చటపడినాను.

కోర్టు లేచేదాకా నిలబడే శిక్ష, జరిమానా వేసినారు. నేను అడిగినట్టే, స్వాధీనం చేసుకున్న సొత్తును అప్పీలు గడువు దాటినాక ధ్వంసం చెయ్యాలని గూడా తీర్పులో రాసినారు. మస్తాన్ సాయంత్రం దాకా మూలలో నిలబడి, పొయ్యేటప్పుడు నా వైపు చూసినాడు. కోపంగా చూసింటే బాగుండు. బతిమాలతా చూసినాడు.

వారం తర్వాత గురువు కూతురు కస్తూరి వచ్చింది. ఇరవై అయిదేండ్ల పిల్ల. వాళ్ల నాయనకి పక్షవాతం వచ్చి మాట పడిపొయ్యిందని, ఆయన గొంతు ఆ డబ్బాలో ఉండాదని, ఇప్పించమని అర్జీ వేసింది. నా బల్ల దగ్గరికి వచ్చి, "మా నాయన ఇంగ పాడలేడు మేడం. నేను నేర్చుకోవాల్సిన పాటలు ఇంగా సగం ఉండాయి" అనింది.

నేను సుధాకర్‌కి ఫోను చేసినాను. చేసినాను చూడండి! ప్రభుత్వ వకీలును, నాకు బుద్ధి చెప్పేదానికి సినిమా వాళ్ల మనిషి కావాల్సి వచ్చింది. "ఒకరికి ఇస్తే ఇంకో వందమంది వస్తారు మేడం. ఇది క్యాన్సర్. కనికరిస్తే పాకుతుంది" అన్నాడు. నేను అర్జీకి అభ్యంతరం రాసినాను. రెండు వాక్యాలు. "ఇది ముద్దాయి తరపువాళ్ల ఎత్తుగడ. సొత్తులో ఉన్నవి సినిమాలే అని పంచనామా చెప్తోంది." అర్జీ కొట్టేసినారు.

సుత్తి

సొత్తు ధ్వంసం చేసే పొద్దు సుధాకర్ ఫోటోగ్రాఫరును తెచ్చినాడు, బ్యానరు తెచ్చినాడు. కోర్టు ఆవరణలో గోనెపట్ట పరిచి సీడీలు, కార్డులు, డిస్కులు పోసినారు. మా కేసుదే కాదు, ఇంగా నాలుగైదు కేసులది. అటెండరుకి ఒక సుత్తి ఇచ్చినారు. సుధాకర్ నన్ను గూడా బ్యానరు పక్కన నిలబెట్టినాడు. నిలబడినాను. ఫోటోలో నవ్వతా ఉండాను గూడా.

ఎమ్మో రెండు తొందరగా పగల్లేదు. గట్టి డబ్బా. అటెండరు మూడు దెబ్బలు కొట్టినాక మూత లేచి, లోపల అద్దం మాదిరి మెరిసే బిళ్లలు బయటపడినాయి. వాటిని గూడా కొట్టినాడు. కస్తూరి అప్పటికే వచ్చి గోడ పక్కన నిలబడి ఉండింది. అంతా అయినాక వచ్చి గోనెపట్ట మీద ఒక ముక్కను తీసుకోబోయింది.

"ముట్టుకోవద్దు, కోర్టు సొత్తు" అన్నాడు కానిస్టేబులు.

ఆ పిల్ల చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ చెయ్యి నాకు ఈ పొద్దుకీ కనిపిస్తా ఉండాది.

నెల తర్వాత ఏదో పని మీద సుధాకర్ ఫోను చేస్తే, "ఆ పెద్ద హీరో సినిమా బయటికి పెట్టినోళ్లు దొరికినారా?" అని అడిగినాను. నవ్వినాడు. "దొరికారు మేడం. మిక్సింగ్ చేసే చోట మా వాళ్లే. అది ఇంటి విషయం కదా, లోపలే మాట్లాడేసుకున్నారు. కేసు లేదు" అన్నాడు. ఇంటి విషయమంట! వాళ్ల ఇంట్లో దొంగ దొరికితే ఇంటి విషయం. ఐరాలలో మైక్‌సెట్టాయన అయితే తీవ్రవాది. ఆ సినిమా పడిపొయ్యింది, పైరసీ వల్లనే పొయ్యిందని నిర్మాత మళ్లా టీవీలో ఏడిచినాడు. మా ఇంటాయన డబ్బిచ్చి హాల్లో చూసి ఇంటర్వెల్‌కే లేచి వచ్చినాడు. అది గూడా పైరసీ వల్లనేనా?

హాల్లో కెమెరా దాచిపెట్టి కొత్త సినిమా తీసి అమ్మేవాడు దొంగే. వాణ్ని పట్టండి, శిక్ష వెయ్యించండి. నేను అడ్డం రాను. దొంగను దొంగ అనండి చాలు. తీవ్రవాది, క్యాన్సర్, పరిశ్రమ చావు అని ఎవురన్నా మీ చెవిలో ఊదుతా ఉండారంటే, మిమ్మల్ని ఏదో చూడనీకుండా చేస్తా ఉండారని అర్థం. భయపడినోడు పది నిమిషాలు ఆగి చూడడు. నేను ఆగలేదు.

కాపీలు

ఆ తర్వాత జరిగింది నాకు రెండు నెలల కిందటే తెలిసింది. కస్తూరి, మస్తాన్ ఇద్దరూ మా ఇంటికి వచ్చి చెప్పినారు.

కేసయినాక మస్తాన్ సెల్లంగడి మూసేసి మైక్‌సెట్టుకే పొయ్యినాడు. మైకు కట్టేదానికి యా ఊరికి పొయ్యినా, "గంగులప్ప గురువు పాట మీ ఫోన్లో ఏమన్నా ఉండాదా?" అని అడిగేవాడు. పాలు పోసే ఆయన పాత ఫోన్లో రెండు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి పొయ్యే ఆడోళ్ల దగ్గర ఆరు. ఒక ఆటోలో ఒకటి, ఒక పాస్టరు గారి తమ్ముడి దగ్గర మూడు. తిరగ్గా తిరగ్గా ఏడాదిన్నరకి ముప్పై ఎనిమిది పాటలు దొరికినాయి. నేను నేరమని చెప్పి శిక్ష వేయించినానే, ఆ కాపీలే. అవి లేకుంటే ఆ గొంతు భూమ్మీద లేదు.

"మా నాయన ఉన్నప్పుడే అన్నీ తెచ్చి వినిపించినాడు మేడం మస్తానన్న" అనింది కస్తూరి. "మాట రాదు గదా, మంచం పట్టె మీద ఎడమ చేత్తో తాళం వేసినాడు. ఒక పాట కాడ ఆపేసి మస్తానన్న చెయ్యి పట్టుకున్నాడు. శానాసేపు వదల్లేదు."

గురువు పొయ్యినాక కస్తూరే గురువయింది. ఊర్లు తిరిగి ఆడోళ్లకి చెక్కభజన నేర్పిస్తా ఉండాది. వాళ్ల నాయన పాటలు నలుగురూ వింటారని ఇంటర్నెట్టులో ఒక ఛానలు పెట్టి అన్నీ ఎక్కించింది.

ఆ తర్వాత ఒక సినిమా వచ్చింది. దాంట్లో ఒక పాట ఊరూరా మోగింది. మీరు అందరూ ఎగిరింటారు. అది గంగులప్ప పాట. ఆయన చచ్చిపొయ్యిన భార్య మీద కట్టుకున్న పాట. "ఎండ పొద్దు వాలినాదే చెంగమ్మా, ఎత్తిన గంప దించవే" అని మొదలవుతుంది. వరస అదే, అడుగు అదే. చెంగమ్మ అని ఉండే చోట హీరోయిన్ పేరు పెట్టినారు.

"మా అమ్మ పేరు తీసేసినారు మేడం" అనింది కస్తూరి. అంతసేపూ గట్టిగా ఉండిన పిల్ల, ఆ మాట కాడ కండ్లు తుడుచుకుంది.

అంతటితో అయిందా? కాలేదు. పాటల కంపెనీ వాళ్ల కంప్యూటరు ఇంటర్నెట్టంతా వెతికి కస్తూరి ఛానల్లో ఉండే వాళ్ల నాయన పాటను పట్టుకుంది. "ఇది మా పాట. మీరు పైరసీ చేసినారు" అని నోటీసు. ఒకటి కాదు, మూడు. మూడు నోటీసులు వస్తే ఛానలు మూసేస్తారంట, మూసేసినారు. ముప్పై ఎనిమిది పాటలూ పొయ్యినాయి. కస్తూరి ఫోను చేసి అడిగితే, "అది జానపదం అమ్మా. జానపదం ఎవరిదీ కాదు" అన్నారంట. ఎవురిదీ కానిది వాళ్లది ఎట్లయిందో చెప్పలేదు.

ఆ పిల్ల గట్టిది. పాటల కంపెనీ మీద చిత్తూరు జిల్లా కోర్టులో దావా వేసింది, ఇది మా నాయన కట్టిన పాట అని తేల్చమని. దాంట్లో అవతలి వకీలు రెండు కాయితాలు దాఖలు చేసినాడు. పన్నెండేండ్ల నాటి నా కేసు పంచనామా, అప్పట్లో కస్తూరి వేసిన అర్జీ ఫైలు. ఈ దావాలో కస్తూరి తరపున మస్తాన్, గురువు పాట కట్టతా ఉంటే తానే రికార్డు చేసినానని సాక్ష్యం చెప్పినాడు. వాళ్లు ఏమంటా ఉండారంటే, ఈ మస్తాన్ శిక్ష పడిన పైరసీ ముద్దాయి, ఇతని మాట నమ్మకూడదు. ఇతని హార్డ్ డిస్కులో ఉండింది సినిమాలే అని కోర్టు రికార్డే చెప్తా ఉండాది, పాటలు ఉండాయని ప్రభుత్వ వకీలు గూడా ఒప్పుకోలేదు అని.

ప్రభుత్వ వకీలు అంటే నేను. నేను రాసిన ఆ రెండు వాక్యాలే.

పాట పుట్టినట్టు చెప్పే రుజువు ఒక్కటే ఉండింది. ఆ దగ్గు, ఆ నీళ్లు తాగడం, "ఆగు మస్తానూ" అనడం. ఊర్ల ఫోన్లలో ఉండేది పూర్తయిన పాటే. దాన్ని జానపదం అనేయొచ్చు. కట్టతా ఉండిన మనిషిని జానపదం అనలేరు. ఆ మనిషి ఎమ్మో రెండులో ఉండినాడు.

సోమవారం

"మేడం, ఆ పొద్దు మీరు ఉండారు గదా. వచ్చి చెప్తారా?" అని అడిగింది కస్తూరి. మస్తాన్ నేల చూస్తా కూర్చున్నాడు. పన్నెండేండ్ల కింద ఎట్లా నిలబడినాడో అట్లనే చేతులు కట్టుకున్నాడు. ఈసారి ఏమీ అడగలేదు.

వస్తానన్నాను.

సంగతి సుధాకర్‌కి తెలిసింది. తిరుపతి సభ అయిన మర్నాడు ఫోను చేసినాడు. "ఈ వయసులో మీకెందుకు మేడం? సొత్తు చూడకుండా వాదించానని మీరే చెప్పుకుంటే పరువు పోయేది మీదే కదా" అన్నాడు. నా మీద ప్రేమతో అన్నట్టే అన్నాడు.

"సుధాకర్ గారూ, ఆ పొద్దు మీ ఫోటోలో నవ్వతా నిలబడినాను చూడండి, నా పరువు అప్పుడే పొయ్యింది. ఇప్పుడు పొయ్యేది ఏమీ లేదు. ఇంగొక మాట. ఆ లైట్‌బాయ్ పొయ్యి మాట ఇంగ వాడొద్దండి. అది నాది. నా పర్మిషన్ లేదు" అని పెట్టేసినాను.

ముప్పై ఏండ్లు కోర్టులో నిలబడినాను గానీ, సాక్షి బోను ఎన్నడూ ఎక్కలేదు. సోమవారం ఎక్కుతా ఉండాను. పంచనామా కాయితం పడిపోతే మస్తాన్ మాట నిలబడుతుంది. మస్తాన్ మాట నిలబడితే ఆ పాటలో చెంగమ్మ పేరు మళ్లా చెంగమ్మకి వస్తుంది. వస్తుందో రాదో జడ్జిగారు చెప్పాల.

అవతలి వకీలు గట్టివాడంట. ఆయన జాగాలో నేనుంటే ఏమి అడుగుతానో నాకు తెలుసు. "ఆ డిస్కులో పాటలు ఉండాయని మీరు కండ్లతో చూసినారా?" అని అడుగుతాడు. చూడలేదు అని చెప్తాను. ఆయనకి సంతోషమవుతుంది, అంతటితో కూర్చుందామనుకుంటాడు. అప్పుడు కస్తూరి వకీలు లేచి, "అయితే సినిమాలు ఉండాయని కోర్టుకి ఎట్లా చెప్పినారు?" అని అడుగుతాడు. ఆ ప్రశ్న అడగమని ఆ అబ్బాయికి నేనే చెప్పినాను.

"చూడకుండానే చెప్పినాను. ఈయన పది నిమిషాలు అడిగితే ఇవ్వలేదు" అని మస్తాన్‌ను చూపించి చెప్తాను.